ఎరువు చెక్క, వట్టి చెక్క

మా ఆవిడ రూతమ్మ ఎం.ఎడ్. కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పి తప్పించుకున్నాను గానీ, అసలు సంగతి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పబోతే ముందు కోపం వస్తుంది, తర్వాత దిగులు పట్టుకుంటుంది. ఆ రెండూ తగ్గాక మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను నడికుడి స్టేషన్లో బుకింగు క్లార్కుని. పేరు దానయ్య. గుంటూరు బండికీ మాచర్ల బండికీ టిక్కెట్లు కొట్టడం తప్ప నాకు వేరే విద్య లేదు. మా ఇంట్లో విద్యంతా ఆమెదే. రెంటచింతల దగ్గర ఒక ఊళ్ళో చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కూతురు. పెళ్ళినాటికి ఎలిమెంటరీ బడి పంతులమ్మ. పెళ్ళయ్యాక పొయ్యి మీద ఎసరు పెట్టి, అది కాగేలోపు ఒక పేజీ, అన్నం ఉడికేలోపు ఇంకో పేజీ చదువుకుంటూ బి.ఏ. అయింది, బి.ఎడ్. అయింది. మాడిన అన్నం నేనూ చాలానే తిన్నాను. ఆ లెక్కన ఆమె డిగ్రీల్లో నాకూ వాటా ఉంది.

మా ఊరి హైస్కూల్లో ఉద్యోగం వచ్చాక అయినా ఊరుకుంటుందనుకున్నాను. ఊరుకోలేదు. సెలవు పెట్టి గుంటూరులో ఉండి ఎం.ఎడ్. క్లాసులు కూడా పూర్తి చేసి వచ్చింది. 1962 జూన్‌లో బడి తెరిచేసరికి థీసిస్ ఒక్కటే మిగిలింది. అది నెగ్గితే ఉపాధ్యాయుల ట్రైనింగు స్కూల్లో ఉద్యోగం వస్తుంది. రాబోయే పంతుళ్ళకి తనే పాఠం చెప్పొచ్చు. ఆమె ఆశంతా దాని మీదే. చిన్నప్పుడు బడిలో మాట తన ఇంట్లో పలికినట్టే పలికినందుకు చేతి మీద బెత్తం విరిగిందట. "ఆ బెత్తం పట్టుకునేవాళ్ళకి చెప్పాలండీ నేను. పిల్లలకి చెప్పి ఏం లాభం, వాళ్ళు ఎట్టాగూ దెబ్బలు తినేవాళ్ళే" అనేది.

ఆ థీసిస్‌కి యాక్షన్ రీసెర్చి అని పేరు. నాకు అర్థమైనంత వరకు అదేమిటంటే, పంతులమ్మ తన తరగతిలో ఉన్న తెగులు తనే కనిపెట్టి, మందు తనే వేసి, తగ్గిందో లేదో తనే చూసి, ఉన్నది ఉన్నట్టు రాయడం. ముందు ఒక సమస్యను ఎంచుకోవాలని ఆమె చెబితే, మా హెడ్మాస్టరు గోపాలకృష్ణయ్య గారు ఎంతో ఉత్సాహపడి, "సమస్య ఇవ్వండమ్మా, సాయంత్రానికి పద్యంలో పూరించి ఇస్తాను" అన్నారట. ఆయన తెలుగు పండితుడిగా చేరి హెడ్మాస్టరైన మనిషి. ఆయనకి తెలిసిన సమస్య అదొక్కటే.

రూతమ్మ సమస్య ఆరో తరగతిలో దొరికింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరే పిల్లల్లో సగం మందికి చదవడం రాదు. అక్షరాలు వస్తాయి, వాక్యం రాదు. ఇదేమీ కొత్త సంగతి కాదు. కొత్త సంగతి ఏమిటంటే, పత్తి రైతు బసవయ్య కొడుకు ఒకరోజు వాచకం చదువుతూ, పుస్తకంలో "ఏమిటి" అని ఉంటే "ఏంది" అని చదివాడు. "చాలా" అని ఉంటే "చానా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు పుస్తకం మూసేసి ఇక తెరవనన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే నాకు చెప్పింది. "చూడండి, వాడు చూసింది 'ఏమిటి'. పలికింది 'ఏంది'. చదవడం రానివాడు అట్టా ఎట్టా పలుకుతాడండీ? వాడు చదివాడు, అర్థం చేసుకున్నాడు, తన మాటలో చెప్పాడు. మనమేమో తప్పంటిమి!"

"వాడికి మార్కులెయ్యి మరి, నాకు కాఫీ ఇయ్యి" అన్నాను. కాఫీ రాలేదు. ఆ పూట నుంచి ఆమె మనసు ఇంట్లో లేదు.

ఆమె ఆలోచన ఇది. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటనే, మాట్లాడినట్టే బోర్డు మీద రాయాలి. తన మాట తనకి కనిపిస్తే వాడు భయం లేకుండా చదువుతాడు. అది పట్టుబడ్డాక పక్కన పుస్తకం మాట రాసి, ఇదీ అదీ ఒకటేరా అని చూపించాలి. వినడానికి ఇంతే. కానీ దీన్ని ఋజువు చెయ్యడానికి ఆమె వేసిన పథకం చూసి నేను నోరు తెరిచాను. గోడ మీద క్యాలెండరు పక్కన పెద్ద కాగితం అతికించింది. జూలైలో కారణాలు వెతకడం, ఆగస్టులో ఊహ రాసుకోవడం, సెప్టెంబరులో మొదటి పరీక్ష, అక్టోబరు నుంచి మార్చి దాకా పాఠాలు, ఆఖరి పరీక్ష, వేసవిలో రాత. ఏ అధ్యాయంలో ఏముంటుందో పాఠాలు మొదలుపెట్టకముందే నిర్ణయమైపోయింది. రైల్వేలో బండ్లు నడిపేవాళ్ళు ఇంత జాగ్రత్తగా ఉంటే మాచర్ల బండి ఎప్పుడూ లేటుండదు అన్నాను. నా మాట వినిపించుకుంటే కదా.

కాలేజీలో ఆమెకి ఒక గైడు గారు ఉండేవారు. మంచివారే, కానీ పట్టుదల మనిషి. ఆ పథకమంతా చూసి మెచ్చుకుని, ఒక్క మెలిక పెట్టారు. "మీ పద్ధతి వల్లనే పిల్లలు బాగుపడ్డారని ఎలా చెబుతారు? ఆర్నెల్లు గడిస్తే ఎలాగైనా కాస్త బాగుపడతారు కదా. రెండు వర్గాలుగా చెయ్యండి. ఒక వర్గానికి మీ కొత్త పద్ధతి, ఒక వర్గానికి పాత పద్ధతి. ఆఖర్న రెండిటినీ పోల్చండి" అన్నారు. మాటలో న్యాయం ఉంది. ఆమె ఒప్పుకుని వచ్చింది.

సెప్టెంబరు పరీక్షలో సమానంగా మార్కులొచ్చిన పిల్లల్ని జతలు జతలుగా కూర్చి, ఒక్కో జతకి చీట్లు వేసి, ఒకర్ని ఇటు, ఒకర్ని అటు వేసింది. ప్రయోగ వర్గానికి, అంటే కొత్త పద్ధతి పిల్లలకి, పొద్దున తెలుగు పీరియడు, తరగతి గదిలో. నియంత్రణ వర్గానికి, అంటే పాత పద్ధతి పిల్లలకి, మధ్యాహ్నం, వరండాలో. రెండిటికీ పంతులమ్మ రూతమ్మే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, పైన వర్గం పేరూ కింద పిల్లల పేర్లూ రాసి తలుపుకి అంటించింది. అక్కడే పొరపాటు జరిగింది.

ఆరో తరగతిలో ధారాళంగా చదవగలిగినవాళ్ళు ఒకరిద్దరే. వాళ్ళలో ఒకడు తలుపు మీద కాగితం చదివి, ఇంటికెళ్ళి, "అమ్మా, మా పంతులమ్మ మా మీద ప్రయోగం చేస్తంది" అన్నాడు.

మన పల్లెల్లో ప్రయోగమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. నిమ్మకాయలు, పసుపు, జుట్టు, శ్మశానం. కాలేజీవాళ్ళకి మాత్రం ఆ మాటలో సీసాలూ గొట్టాలూ కనిపిస్తాయి కాబోలు. సాయంత్రానికల్లా ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. మర్నాడు బడికి వచ్చినవాళ్ళు కొద్దిమంది. ఆ వచ్చినవాళ్ళలో సగం మంది జబ్బలకి తాయెత్తులున్నాయి. గాజులమ్ముకునే మాబున్నీసా తన కూతురు జమీలాకి దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. పాపం, ఆ పిల్ల పేరు ప్రయోగ వర్గంలో లేనే లేదు, వరండాలో ఉంది.

ఆ రోజు నేను డ్యూటీలో లేను, భోజనం క్యారేజీ పట్టుకుని బడికి వెళ్ళాను. బడి ముందు జనం. బసవయ్య కండువా నడుముకి బిగించి నిలబడి ఉన్నాడు.

"ఏంది పంతులమ్మా, మావోడి మీద ఏం ప్రయోగం చేస్తన్నావ్? మేమేం చేశాం నీకు?"

గోపాలకృష్ణయ్య గారు గదిలోంచి బయటికి రాలేదు. రూతమ్మ వచ్చింది. చేతిలో సుద్దముక్క ఉంది. ఆమెకి ఏడుపొచ్చేలా ఉందని నాకు తెలుస్తూనే ఉంది, కానీ ఆమె ఏడవలేదు.

"బసవయ్యన్నా, నీ పత్తి చేలో పోయినేడు గ్రామసేవకుడు ఏం చేయించాడు?"

"దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"చెప్పన్నా."

"చేను రెండు చెక్కలు చేసి ఒక చెక్కకి సీమ ఎరువు ఏయించాడు. పక్క చెక్క వట్టిగా వదిలేశాం. కాపు యాడ ఎక్కువొచ్చిద్దో చూద్దామని."

"వచ్చిందా?"

"వచ్చింది మరి. ఎరువు చెక్కలోనే వచ్చింది."

"నేను చేసేదీ అదే అన్నా. కొంతమంది పిల్లలకి కొత్త రకంగా చెప్తన్నా. కొంతమందికి ఎప్పట్లాగే. మార్చిలో కాపు చూస్తా. చదువు బాగా వస్తే, వచ్చేయేడు అందరికీ అదే ఎరువు. కాలేజీవాళ్ళు దీనికి ఆ పాడు పేరు పెట్టారు, నేను పెట్టలా."

బసవయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆ ముక్క ముందే చెప్పొద్దూ! మావోడు ఎరువు చెక్కేనా?"

"ఎరువు చెక్కే."

"అయితే సరే" అని కండువా విప్పి భుజాన వేసుకున్నాడు. అతను కదిలితే జనమంతా కదిలారు. మర్నాటికి బడి నిండింది. నేను ఆ రోజు గర్వంతో ఇంటికి నడిచాను. ఆ గర్వం చాలాకాలం ఉంటుందనుకున్నాను.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ ప్రయోగం అనలేదు, వర్గం అనలేదు. ఎరువు చెక్క పిల్లలు, వట్టి చెక్క పిల్లలు అన్నారు. పిల్లలు కూడా వాళ్ళలో వాళ్ళు అవే పేర్లతో పిలుచుకున్నారు. కబడ్డీ ఆడితే రెండు జట్లు ఇవే.

అక్టోబరు, నవంబరు బాగానే గడిచాయి. పొద్దునపూట గదిలోంచి వచ్చే గోల స్టేషను దాకా వినిపించేది. పిల్లలు తమ ఇంటి సంగతులు చెబుతుంటే ఈమె బోర్డు మీద రాసేది. బర్రె ఈనింది, నాన్న డ్యాం పనికి పోయాడు, అవ్వకి కళ్ళు ఆనటంలా. తామన్న మాట బోర్డు మీద కనిపించేసరికి పిల్లలు ఎగబడి చదివేవాళ్ళు. మధ్యాహ్నం వరండాలో అంత గోల ఉండేది కాదు. అక్కడ వాచకం తీసి, వరసగా ఒక్కొక్కర్ని లేపి చదివించి, తప్పుపోతే దిద్దాలి. దిద్దకపోతే అది పాత పద్ధతి కాదు. గైడు గారు ఆ మాట గట్టిగా చెప్పారు.

ఒకనాడు వరండాలో జమీలా "చానా" అని చదివింది. రూతమ్మ "తప్పు. చాలా" అంది. ఆ పిల్ల కూర్చోకుండా నిలబడే ఉంది.

"పంతులమ్మా, పొద్దున లోపల ఒప్పయింది మధ్యాన్నానికి బయట తప్పెట్టా అయ్యిద్ది?"

కిటికీ దగ్గర నిలబడి పొద్దున పాఠం వింటోందన్నమాట. ఆ సంగతి చెబుతూ ఆ సాయంత్రం రూతమ్మ అన్నం ముందు కూర్చుని కలపడం మానేసింది. "నా నోటితోనే రోజూ తప్పు, తప్పు అంటన్నానండీ. అది తప్పు కాదని రాయటానికే గదా ఈ థీసిస్!"

"మార్చి దాకా ఓపిక పట్టు. పోలిక ఉంటేనే థీసిస్ అన్నారుగా" అన్నాను. నేను చెప్పిందాంట్లో తప్పులేదని ఇప్పటికీ అంటాను. ఇన్నేళ్ళ చదువు, ఇంత పథకం, మరో మూడు నెలలు ఆగితే చేతికొచ్చే ఉద్యోగం. ఆగమనక ఏమంటాను?

జనవరి చివర్లో మాబున్నీసా మా ఇంటికి వచ్చింది. నెత్తి మీది మలారం, ఆ గాజుల మూట, దించి అరుగు మీద పెట్టింది. ఎప్పుడొచ్చినా రూతమ్మ చెయ్యి పట్టుకుని గాజులు తొడిగి, బేరం తర్వాత మాట్లాడే మనిషి. ఆ రోజు మలారం విప్పలేదు.

"పంతులమ్మా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోబాకు. నా బిడ్డ వట్టి చెక్కంటగా?"

రూతమ్మ ఉలిక్కిపడింది. "మార్చిలో పరీక్ష అయిపోద్ది మాబున్నీసా. జూన్‌లో బడి తెరవగానే దానికీ కొత్త పద్ధతిలోనే చెప్తా. నా మాట నమ్ము."

"జూన్‌లో అది యాడుంటది? పెద్దదానికి నిఖా అయిపాయె. నా నడుం ఇరిగిపోతంది, ఒక్కదాన్నే మలారం మొయ్యలేను. ఈ ఏడుతో బడి చాలు, వేసవి నించి నాతో ఊళ్ళమ్మట తిప్పుకుంటా. నాలుగు ముక్కలు చదవటం వస్తే చాలని బడికేశా. ఆ నాలుగు ముక్కలూ నువ్వు పక్కనోళ్ళకి చెప్తన్నావంట."

"అట్టా కాదు..."

"పొలమంటే మళ్ళా ఏటికి ఎరువేసుకుంటారమ్మా. నా బిడ్డకి మళ్ళా యేడు లేదుగా."

ఆమె కోపంగా అనలేదు. బసవయ్యలా అరిచి ఉంటే రూతమ్మ ఏదో ఒకటి చెప్పి ఒప్పించేదే. మలారం నెత్తికెత్తుకోవడానికి నేనే సాయం పట్టాను. రూతమ్మ గోడ మీద కాగితం వంక చూస్తూ కూర్చుంది. ఎరువు చెక్క, వట్టి చెక్క అని ఊరికి నేర్పింది తనే. ఊరు బాగా నేర్చుకుంది.

ఆ శనివారం గుంటూరు వెళ్ళి గైడు గారిని కలిసింది. ఆయన విని, "దానికేముంది, ఆ అమ్మాయినీ, ఆ అమ్మాయి జతనీ లెక్కలోంచి తీసేయండి. ఒక జత పోతే థీసిస్‌కి నష్టం లేదు" అన్నారు. మంచి దారే చూపించారు. నా ప్రాణం కుదుటపడింది. సోమవారం పొద్దున జమీలా గదిలోకి వెళ్ళి కూర్చుందట.

మధ్యాహ్నం వరండాలో రూతమ్మ వాచకం తెరవబోతే పిల్లలు ఆమెనే చూస్తున్నారు. ఒకడు అడిగాడు. "పంతులమ్మా, వచ్చేయేడు బడికి రానోళ్ళని లోపలికి పంపుతన్నారంటగా?"

"ఎవరన్నారు?"

"జమీలానే."

అడగకుండా ఉంటే బాగుండేదేమో, రూతమ్మ ఆ మాట అడిగింది. "మీలో వచ్చేయేడు రానివాళ్ళు ఎవరు?"

ఒక చెయ్యి లేచింది. పక్కన ఇంకొకటి లేచింది. అన్న డ్యాం పనికి పోతున్నాడు కాబట్టి గొడ్లు కాయాలన్నవాడు, అమ్మ మిరపకోతకి పోతే చంటిపిల్లని చూడాలన్న పిల్ల, ఎందుకో తెలియకుండానే చెయ్యెత్తినవాడు. ఆమె లెక్కపెట్టలేదు. వాచకం పక్కన పెట్టి, "లేవండి. పలకలు తీసుకుని లోపలికి రండి" అంది.

ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు నేను కేకలేశాను. దాచుకోవడం ఎందుకు, గట్టిగానే వేశాను. "ఏమే, నీకు మతి పోయిందా? ఒక జత తీసెయ్యమంటే మొత్తం తీసేస్తావా? ఇక పోల్చడానికి ఏముంది? దేన్ని చూపిస్తావు వాళ్ళకి?"

"అందర్నీ చూపిస్తా" అంది. గోడ మీద కాగితం తీసి, వెనకవైపు తిప్పి, మార్చి దాకా అందరికీ చెప్పాల్సిన పాఠాలు రాసుకోవడం మొదలుపెట్టింది. నేను వీధిలోకి వెళ్ళి కాసేపు తిరిగొచ్చాను. ఆమె మీద కోపమో, ఆ కాలేజీ మీద కోపమో, మా తలరాత మీద కోపమో నాకే తెలియలేదు.

ఆ రెండు నెలలూ ఆమె పడిన కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. నిండిపోయిన గదిలో గొంతు చించుకుంది. ఆఖరి పరీక్ష పెట్టింది. జమీలా మాత్రం పరీక్షకి రాలేదు. తల్లికి జ్వరం వస్తే, తనే మలారం ఎత్తుకుని పోయిందట. ఎవరి కోసం ఇదంతా మొదలైందో ఆ పిల్ల పేరు పక్కన పరీక్ష పట్టికలో గైర్హాజరు అని పడింది.

వేసవంతా కూర్చుని థీసిస్ రాసింది. జరిగింది జరిగినట్టే రాసింది. పోలిక ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఒక అధ్యాయం రాసింది. ఆ అధ్యాయం తీసెయ్యమని గైడు గారు చెప్పారు. తియ్యలేదు.

సెప్టెంబరులో మౌఖిక పరీక్షకి పిలిచారు. నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. కాలేజీలో ఆమె గదిలోకి వెళ్ళింది, నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. ఎక్కడి నుంచో వచ్చిన పరీక్షాధికారి గొంతు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

"పథకం చాలా బాగుంది. ఇంత చక్కగా వేసిన పథకాన్ని మధ్యలో మీ చేతులతో మీరే పాడు చేసుకున్నారు. ఎందుకు?"

"అందులో రాశానండీ."

"చదివాను. ఒక అమ్మాయి కోసం."

"మొదలు ఒక అమ్మాయేనండీ."

"ఆ అమ్మాయి ఇప్పుడు ఏ తరగతి చదువుతోంది?"

"బడి మానేసిందండీ."

లోపల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని వెళ్ళి ఆయన్ని నాలుగు అడగాలనిపించింది. ఏం అడగాలో తెలిస్తే వెళ్ళేవాణ్ణే. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది. వెనకే గైడు గారు వచ్చి, నాతోనే చెప్పారు. "మళ్ళీ ఒక ఏడాది చెయ్యమన్నారండీ. రెండు వర్గాలతో. ఈసారి మధ్యలో కలపకుండా. మీరైనా చెప్పండి." ఆయన ముఖం కూడా బాగా లేదు. మంచివారని ముందే అన్నాను.

తిరుగు బండిలో నేను ఊరుకోలేకపోయాను. "ఒక్క ఏడాదే కదా. ఈసారి ఊళ్ళో చెక్కల మాటెత్తకు. తలుపుకి కాగితాలు అంటించకు. నేనున్నాను, అన్నం నేను వండుతాను. చేస్తావా?" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో చదువు విషయంలో ఆమె కన్నీళ్ళు చూడటం అదే మొదలు.

నడికుడిలో దిగేసరికి ఎండ వాలింది. మాచర్ల వైపు బండి కోసం ఆడవాళ్ళు ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు నీడన గుంపుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో గాజుల మలారం, దాని పక్కన జమీలా. మాబున్నీసా ఎవరి చేతికో గాజులు ఎక్కిస్తోంది. ఒక చిన్నది, కొత్త కోడలిలా ఉంది, రవికలోంచి పోస్టు కార్డు తీసి జమీలా చేతిలో పెట్టింది. మొగుడు డ్యాం పనిలో ఉన్నాడట. అక్కడ రాయడం వచ్చిన కూలీ ఎవరో, చెప్పింది చెప్పినట్టు రాసి పంపుతాడని తర్వాత తెలిసింది.

రూతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరం సామాను గది గోడ పక్కనే నిలబడ్డాం.

జమీలా వేలు పెట్టి చదువుతోంది. "ఏందే, నా మీద చానా కోపంగా ఉందా? రాకపోతే ఏం జేసేది. కాం... కాం... ట్రా... కాంట్రాక్టరు ఇడవటంలా. అన్నం సరీగా తింటన్నావా? నువ్వు తినకపోతే ఈడ నాకు సయించటంలా."

గుంపులో ఒక ముసలామె నవ్వింది. ఆ కొత్త కోడలు నవ్వలేదు. జమీలా నోటి వంకే చూస్తూ ఉంది.

"మొన్న ఊళ్ళో ఎవరో చదివితే అయ్యోరు రాసినట్టుందే. నువ్వు చదివితే అచ్చం ఆయనే మాట్టాడినట్టుంది" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మళ్ళా చదవ్వే" అంది.

జమీలా మళ్ళీ మొదటి నుంచి చదివింది.

నాకు కళ్ళు మసకబారాయి. మధ్యాహ్నం ఆ గదిలోకి తోసుకుని వెళ్ళలేకపోయినందుకు కాదు, ఆ పరీక్షాధికారిని చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకురాలేకపోయినందుకు. ఏదో ఒకటి అనాలని రూతమ్మ వైపు తిరిగాను. ఆమె ముఖంలో ఉదయం నుంచీ ఉన్న దిగులు కనపడలేదు. నుదురు ముడిచి, చెవి ఒగ్గి, బడిలో నిలబడినట్టు నిలబడి ఉంది.

"విన్నారా," అంది మెల్లగా. "ద్విత్వాలు బాగా పలుకుతోంది. సంయుక్తాక్షరం దగ్గరే ఆగుతోంది. కాంట్రాక్టరు దగ్గర రెండుసార్లూ ఆగింది చూశారా? రేపు మాబున్నీసా ఏ ఊరు పోతుందో కనుక్కోండి. సాయంత్రాలు దాన్ని మనింటికి రమ్మనాలి."